పాత పికప్పుకు కొత్త బలం: రేడియేటర్ ఎంపికలోని ఉష్ణశాస్త్రం

అమెరికా గ్రామీణ జీవనంలో పికప్ ట్రక్కుకు ఉన్న స్థానం ఒకనాడు తెలుగు పల్లెలలో ఎడ్లబండికి ఉన్న స్థానం వంటిది. వారమంతా ఎరువులు, గడ్డిమోపులు, పనిముట్లు మోసిన బండే ఆదివారంనాడు కుటుంబాన్ని చర్చికి చేర్చేది. ఫోర్డ్ సంస్థ 1948లో తన ఎఫ్-శ్రేణి ట్రక్కులను ప్రవేశపెట్టింది. షెవ్రొలే సంస్థ 1955లో తన సుప్రసిద్ధమైన చిన్న వి-8 ఇంజనును కార్లతోపాటు పికప్పులకు కూడా అమర్చింది. 1967 నుండి 1972 వరకు వెలువడిన షెవ్రొలే సి-10 పికప్పులను సేకరించి, తుప్పు వదిలించి, ఇంటి గరాజులోనే పునరుద్ధరించడం నేడు ఎందరికో ప్రియమైన వ్యాపకం. ఈ దేశంలో పుట్టి పెరిగిన తెలుగు యువతీయువకులకు ఈ ముచ్చట కలగడంలో ఆశ్చర్యం లేదు.

అయితే పునరుద్ధరణ అనేది సాధారణంగా రంగు వేయడంతో ఆగదు. ఆ కాలపు సి-10లో ఆరు సిలిండర్ల ఇంజను ప్రకటిత శక్తి 155 అశ్వశక్తులు. దాని స్థానంలో 454 ఘనపు అంగుళాల పెద్ద వి-8నో, 450 అశ్వశక్తుల నవీన ఇంజనునో బిగించాలనే ఉబలాటం సహజం. ఇంజనుకు, గేరుపెట్టెకు, చక్రాలకు వేల డాలర్లు వెచ్చించినవారు చిట్టచివర మిగిలిన సొమ్ముతో రేడియేటర్ కొంటారు. ‘ఎన్ని వరుసలుంటే అంత మంచిది’ అన్న ఒక్క సూత్రం మీద ఆధారపడతారు. ఫలితంగా మొదటి వేసవిలోనే ఎక్కడో ఎడారి రహదారి పక్కన ఆవిరి చిమ్ముతూ బండి ఆగిపోతుంది. అల్యూమినియం హెడ్డు వంగి, హెడ్ గాస్కెట్ పగిలితే కొత్త ఇంజనే పనికిరాకుండా పోవచ్చు. అంతకంటె ముఖ్యం, బండిలో పిల్లలు ఉండవచ్చు.

ఈ సమస్యకు పరిష్కారం ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలోనే ఉంది. కాస్త లెక్క వేసుకుంటే చాలు.

వేడి ఎంత పుడుతుంది?

పెట్రోలు ఇంజనులో దగ్ధమైన ఇంధనశక్తి స్థూలంగా మూడు వాటాలుగా విడిపోతుంది. ఒక వాటా చక్రాలను తిప్పే పనిగా మారుతుంది. ఒక వాటా ఎగ్జాస్ట్ గొట్టం ద్వారా వాతావరణంలో కలుస్తుంది. దాదాపు మరొక వాటా సిలిండరు గోడల గుండా శీతలద్రవంలోకి చేరుతుంది. అనగా ఇంజను ఎంత పని చేస్తోందో, ఇంచుమించు అంతే వేడిని రేడియేటర్ బయటకు నెట్టవలసి ఉంటుంది. ఒక అశ్వశక్తి 746 వాట్లకు సమానం. ఆ లెక్కన 450 అశ్వశక్తులంటే సుమారు 336 కిలోవాట్లు.

ఈ అంకెను చూసి భయపడి, అంతటి రేడియేటర్ కోసం వెదకడం మొదటి పొరపాటు. 450 అశ్వశక్తులు వెలువడేది యాక్సిలరేటర్ పెడలును నేలకంటా తొక్కిన కొద్ది సెకండ్లపాటే. ఆ కొద్దిసేపటి వేడిని ఇంజనులోని ఇనుము, అందులో తిరిగే ద్రవం తమలోనే ఇముడ్చుకోగలవు. రేడియేటర్ పరిమాణాన్ని నిర్ణయించవలసినది క్షణకాలపు శిఖరం కాదు, నిమిషాల తరబడి నిలిచే భారం.

ఆ భారాన్ని అంచనా కట్టవచ్చు. మనుషులతో, సామానుతో కలిపి రెండు వేల కిలోల బరువున్న పాత పికప్పు చదును రహదారిపై గంటకు 65 మైళ్ళ వేగంతో పోవడానికి గాలి నిరోధాన్నీ, టైర్ల ఘర్షణనూ అధిగమించాలి. ఇందుకు ఇంజను నుండి సుమారు 40 నుండి 45 అశ్వశక్తులు సరిపోతాయి. అదే వేగంతో వందకు ఆరు చొప్పున లేచే ఎక్కుడు ఎక్కాలంటే బరువును పైకెత్తే పని తోడై, అవసరం వంద అశ్వశక్తులకు చేరుతుంది. వెనుక మరో రెండు వేల కిలోల ట్రెయిలరు కట్టితే అది 150 వరకు పోతుంది. అంటే పది, ఇరవై నిమిషాలపాటు సుమారు వంద కిలోవాట్ల వేడిని ఎడతెగకుండా వదిలించుకోగలిగితే ఆ రేడియేటర్ తన బాధ్యతను నెరవేర్చినట్లే.

లాస్ ఏంజిలిస్ నుండి లాస్ వేగస్‌కు వెళ్ళే ఇంటర్‌స్టేట్ 15 ఇందుకు చక్కని ఉదాహరణ. సముద్రమట్టానికి సుమారు 930 అడుగుల ఎత్తున ఉన్న బేకర్ అనే చిన్న ఊరు దాటాక, నలభై మైళ్ళ లోపులోనే రహదారి సుమారు 4,730 అడుగుల ఎత్తున ఉన్న మౌంటెన్ పాస్‌కు చేరుతుంది. ఎండాకాలంలో అక్కడి గాలి 110 డిగ్రీల ఫారన్‌హీట్, అనగా 43 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఇంజను వేడెక్కకుండా ఎయిర్ కండిషనర్‌ను ఆపివేయమని హెచ్చరించే బోర్డులు ఆ ఎక్కుడు దారిలో కనబడతాయి. ఆ హెచ్చరిక ఊరికే పెట్టినది కాదు. ఎయిర్ కండిషనర్ కండెన్సరు రేడియేటరుకు ముందు నిలబడి, గాలి లోపలికి రాకముందే దానిని వేడిచేస్తుంది. మూలిగే నక్కపై తాటిపండు పడ్డట్లు, ఇంజనుపై కంప్రెసరు భారం అదనం.

పేరు ఒకటి, పని మరొకటి

‘రేడియేటర్’ అన్న పేరు కొంత తప్పుదోవ పట్టిస్తుంది. రేడియేషన్, అనగా వికిరణం ద్వారా అది కోల్పోయే వేడి అత్యల్పం. రెండడుగులకు పైగా వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉన్న రేడియేటర్ ముఖం 95 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండి, చుట్టూ 35 డిగ్రీలు ఉంటే, వికిరణం వల్ల పోయే వేడి కొన్ని వందల వాట్లు మాత్రమే. వదిలించుకోవలసిన లక్ష వాట్లలో అది లెక్కలోకి రాదు. మిగిలినదంతా సంవహనం ద్వారా, అనగా కదిలే గాలి మోసుకుపోవడం వల్ల జరిగే పని. కనుకనే నల్లరంగు పూసినంత మాత్రాన రేడియేటర్ చెప్పుకోదగినంత చల్లబడదు.

గాలిని పనిలోకి దింపాలంటే దానికి విశాలమైన ఉపరితలాన్ని అందించాలి. ఈ సూత్రాన్ని తొలినాళ్ళలోనే అద్భుతంగా ఆచరణలో పెట్టినవాడు జర్మన్ ఇంజనీరు విల్‌హెల్మ్ మైబాఖ్. 1901 నాటి మెర్సిడెస్ 35 అశ్వశక్తుల కారుకు ఆయన రూపొందించిన తేనెపట్టు రేడియేటరులో ఎనిమిది వేలకు పైగా సన్నని చదరపు గొట్టాలుండేవి. గాలి గొట్టాల గుండా, నీరు వాటి చుట్టూ ప్రవహించేవి. అంతకుముందు కార్లు నీటిని ఆవిరిగా పోగొట్టుకుంటూ, దారిపొడుగునా నీళ్ళు పోయించుకుంటూ నడిచేవి. నేటి రేడియేటరులో నీరు చదునైన గొట్టాల లోపల, గాలి వాటి మధ్యనున్న పలుచని రెక్కల నడుమ ప్రవహిస్తాయి. అమరిక తిరగబడినా సూత్రం అదే.

నీటికంటె గాలి ముఖ్యం

వంద కిలోవాట్ల వేడిని మోయడానికి ఎంత నీరు, ఎంత గాలి కావాలో పోల్చి చూస్తే అసలు కిటుకు బోధపడుతుంది. శీతలద్రవం రేడియేటరులో పది డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుందనుకుంటే, నిమిషానికి సుమారు 165 లీటర్ల ద్రవం ప్రవహించాలి. ఆరోగ్యంగా ఉన్న వి-8 ఇంజను పంపుకు ఇది అసాధ్యం కాదు. అదే వేడిని గ్రహిస్తూ ఎడారి గాలి నలభై డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, నిమిషానికి దాదాపు 136 ఘనమీటర్ల గాలి కావాలి. ఇక్కడి దుకాణాల భాషలో చెప్పాలంటే నిమిషానికి 4,800 ఘనపుటడుగులు. మూడు పడకగదులలో నిండిన గాలికంటె ఎక్కువ పరిమాణం ప్రతి నిమిషం ఆ రెక్కల సందులలోంచి దూరిపోవాలి. పరిమాణంలో ఇది నీటికి సుమారు ఎనిమిది వందల రెట్లు.

ఇరవై ఎనిమిది అంగుళాల వెడల్పు, పదిహేడు అంగుళాల ఎత్తు ఉన్న కోర్ గుండా ఇంత గాలి పోవాలంటే అది సెకనుకు ఏడు మీటర్లకు పైగా వేగంతో ప్రవహించాలి. గంటకు 65 మైళ్ళు అంటే సెకనుకు 29 మీటర్లు. ఎదురుగాలి వేగంలో నాలుగో వంతైనా కోర్‌ను దాటి వెనుకకు పోగలగాలన్నమాట. ముందు గ్రిల్లు మూసుకుపోయినా, రేడియేటర్ పక్కల సందులనుండి గాలి తప్పించుకున్నా, ఇంజను గదిలోంచి బయటపడే దారి లేకపోయినా ఈ నాలుగో వంతు దక్కదు. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెదుక్కుంటుంది. రేడియేటరుకూ దానిని మోసే చట్రానికీ మధ్యనున్న సందులను రబ్బరు పట్టీలతోనో, రేకుతోనో మూయడం అతి చవకైన చికిత్స.

ఎండ తీవ్రత కూడా గాలి పక్షాన్నే దెబ్బతీస్తుంది. శీతలద్రవం 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండి బయట 10 డిగ్రీలుంటే వేడిని నెట్టే వ్యత్యాసం 90 డిగ్రీలు. బయట 43 డిగ్రీలైతే అది 57కు పడిపోతుంది. అదే రేడియేటర్, అదే ఫ్యాను ఉన్నా సామర్థ్యంలో మూడో వంతుకు పైగా హరించుకుపోయిందన్నమాట. వసంతకాలంలో నిక్షేపంగా తిరిగిన బండి జూలైలో మొరాయించడానికి కారణం ఇదే.

పరచడమా, పేర్చడమా?

పులిహోర కలిపే తెలుగు ఇల్లాలికి ఈ శాస్త్రం అనుభవంలో ఉన్నదే. వేడి అన్నాన్ని గిన్నెలో గుట్టగా ఉంచితే గంటైనా నడిమి భాగం పొగలు కక్కుతూనే ఉంటుంది. వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరిచి, విసనకర్రతో విసిరితే నిమిషాలలో చల్లారుతుంది. రేడియేటర్ విషయంలోనూ గుట్టగా పేర్చడంకంటె వెడల్పుగా పరచడమే మేలు.

కారణాన్ని అంకెలలో చూపవచ్చు. గొట్టాలలో ద్రవం 95 డిగ్రీల వద్ద, లోపలికి వచ్చే గాలి 35 డిగ్రీల వద్ద ఉన్నాయనుకుందాం. తేడా 60 డిగ్రీలు. ప్రతి వరుసా తనకు దక్కిన తేడాలో నూటికి నలభై వంతులు గాలికి ఎక్కిస్తుందనుకుంటే, మొదటి వరుస గాలిని 24 డిగ్రీలు వేడిచేస్తుంది. రెండో వరుసకు అందేది అప్పటికే వేడెక్కిన గాలి గనుక అది 14 డిగ్రీలే ఎక్కించగలదు. మూడోది సుమారు 9, నాలుగోది 5. ఒక్కొక్క వరుసకు వెల మాత్రం ఇంచుమించు ఒక్కటే! పైగా మందం పెరిగినకొద్దీ గాలికి అడ్డంకి పెరిగి, మొత్తం ప్రవాహమే తగ్గుతుంది. కనుక నాలుగో వరుస లాభం కాగితం మీద చూపినంత కూడా దక్కదు. అంగుళానికి మరీ ఎక్కువ రెక్కలు కుదించినా ఇదే ఫలితం. పన్నెండు నుండి పదహారు వరకు ఉంటే వీధి వాహనానికి సాధారణంగా సరిపోతుంది. మట్టిరోడ్ల మీద తిరిగే బండికి రెక్కలు కొంత విరివిగా ఉండడమే మంచిది, లేకపోతే దుమ్ము, పురుగులు పేరుకుంటాయి.

అందుచేత ఎంపికలో మొదటి సూత్రం ఇది: చట్రంలో పట్టగలిగినంత వెడల్పు, ఎత్తు ముందుగా తీసుకోవాలి, మందాన్ని ఆ తరువాతనే ఆలోచించాలి.

రాగియా, అల్యూమినియమా?

పాత ట్రక్కుల రేడియేటర్లలో గొట్టాలు, ట్యాంకులు ఇత్తడివి, రెక్కలు రాగివి. వాటిని సీసం, తగరం కలిసిన సోల్డరుతో అతికేవారు. రాగి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 400 వాట్లు. శుద్ధ అల్యూమినియానిది 237. ఈ అంకెలను చూపి రాగిదే పైచేయి అనేవారున్నారు. కాని గొట్టపు గోడ మిల్లీమీటరులో కొద్ది వంతు మందమే. ఆ గోడను దాటడం వేడికి కష్టం కాదు. లోహం నుండి గాలిలోకి దూకడమే కష్టం. అందువల్ల లోహపు వాహకతలోని తేడా మొత్తం ఫలితంలో అంతగా కనిపించదు.

అల్యూమినియం నెగ్గేది బలంలోనూ, తేలికలోనూ. రాగి సాంద్రత దానికి మూడు రెట్లకు పైనే. ఇత్తడి గొట్టాలను మరీ వెడల్పు చేస్తే పీడనానికి ఉబ్బిపోతాయి గనుక అవి సాధారణంగా అరంగుళం వెడల్పులో ఉంటాయి. అల్యూమినియం గొట్టాలు అంగుళం, అంగుళంపావు వెడల్పున కూడా నిలుస్తాయి. కాబట్టి అంగుళం గొట్టాలు రెండు వరుసలున్న అల్యూమినియం రేడియేటర్, అరంగుళం గొట్టాలు నాలుగు వరుసలున్న పాత రేడియేటరుతో దీటుగా పనిచేయగలదు. వరుసల సంఖ్యను మాత్రమే చూసి కొనేవారు మోసపోయేది ఇక్కడే. గొట్టం వెడల్పు ఎంత అని విధిగా అడగాలి.

ఇత్తడి రేడియేటరుకూ సుగుణాలు లేకపోలేదు. కన్నం పడితే సోల్డరుతో బాగుచేయవచ్చు. పాతతనం చెక్కుచెదరకుండా ఉండాలనుకునేవారికి అదే శోభ. తక్కువ మార్పులతో ఉన్న పాత ఇంజనుకు శుభ్రమైన పాత రేడియేటర్ చాలు. అల్యూమినియాన్ని ఎంచుకున్నప్పుడు మరొక జాగ్రత్త అవసరం. పికప్పు చట్రం గతుకులలో మెలితిరుగుతుంది. రేడియేటరును నేరుగా బోల్టులతో బిగిస్తే ఆ మెలిక వెల్డింగు అతుకులమీద పడి పగుళ్ళు వస్తాయి. రబ్బరు దిండ్లపై కూర్చోబెట్టడం తప్పనిసరి.

ఫ్యాను, దాని తొడుగు

రహదారిమీద బండి వేగమే గాలిని నెడుతుంది. ఎర్రదీపం దగ్గర ఆ భారమంతా ఫ్యానుదే. ఫ్యాను చుట్టూ ష్రౌడు అనే తొడుగు లేకపోతే అది తన రెక్కలకు ఎదురుగా ఉన్న వృత్తం మేరకే గాలిని లాగుతుంది. కోర్ మూలలు వృథా అవుతాయి. పైగా వెనుకకు నెట్టిన వేడిగాలే చుట్టుతిరిగి మళ్ళీ ముందుకు వస్తుంది. కోర్ అంతటినీ కప్పే ష్రౌడు అమర్చి, ఇంజనుతో తిరిగే ఫ్యాను రెక్కల మందంలో సగం ష్రౌడు లోపల, సగం బయట ఉండేట్లు చూడాలి. కొత్త రేడియేటర్ కొనే సొమ్ములో కొంత దీనికి కేటాయించడం వివేకం.

విద్యుత్ ఫ్యాను బిగించేవారు దాని ఆకలిని కూడా లెక్కించాలి. శక్తిమంతమైన ఫ్యాను ముప్పై ఆంపియర్లు సులువుగా లాగుతుంది. నాటి ట్రక్కుల సాధారణ ఆల్టర్నేటర్ల సామర్థ్యం నలభై ఆంపియర్ల ప్రాంతంలోనే ఉండేది. అందులో దీపాలు, జ్వలన వ్యవస్థ కూడా బతకాలి. ఆల్టర్నేటరును, తీగలను మార్చకుండా ఫ్యానును మాత్రమే మార్చితే బండి వేడెక్కడం మానవచ్చు, కాని రాత్రివేళ బ్యాటరీ చచ్చిపోతుంది.

మూత, ద్రవం, థర్మోస్టాట్

రేడియేటర్ మూత చూపుకు అల్పం, పనిలో ఘనం. మామూలు నీరు సముద్రమట్టం వద్ద 100 డిగ్రీల సెల్సియస్‌కు మరుగుతుంది. మౌంటెన్ పాస్ ఎత్తున సుమారు 95కే మరుగుతుంది. వ్యవస్థలో చదరపు అంగుళానికి ఒక పౌను పీడనం పెంచితే మరుగుస్థానం దాదాపు మూడు డిగ్రీల ఫారన్‌హీట్ పెరుగుతుంది. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపి, 15 పౌన్ల మూత పెడితే ఆ మిశ్రమం సుమారు 129 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. శీతాకాలంలో దాదాపు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. అయితే గ్లైకాల్ ఎక్కువైతే మేలు ఎక్కువ అనుకోరాదు. దాని విశిష్టోష్ణం నీటికంటె తక్కువ గనుక గ్లైకాల్ పెరిగినకొద్దీ ద్రవం మోసే వేడి తగ్గుతుంది. కుళాయి నీటిలోని లవణాలు అల్యూమినియాన్ని తినివేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ వాడి, తయారీదారులు చెప్పిన గడువులో ద్రవాన్ని మార్చాలి.

థర్మోస్టాట్ గురించి ఒక అపోహ ఉంది. 195 డిగ్రీల ఫారన్‌హీట్ థర్మోస్టాట్ తీసి 180దో, 160దో పెడితే బండి చల్లబడుతుందని కొందరి నమ్మకం. థర్మోస్టాట్ నిర్ణయించేది కనిష్ఠ ఉష్ణోగ్రతను మాత్రమే. అది పూర్తిగా తెరుచుకున్న తరువాత ఇంజను ఎంత వేడెక్కుతుందన్నది రేడియేటర్, గాలి తేల్చుకోవలసిన వ్యవహారం.

ఇంతకంటె విస్తృతంగా వ్యాపించిన అపోహ మరొకటి: ‘నీరు మరీ వేగంగా పోతే రేడియేటరులో చల్లబడే వ్యవధి ఉండదు’ అని. నీరు ఒక వలయంలో తిరుగుతుందన్న సంగతిని ఈ వాదం మరచిపోతుంది. రేడియేటరులో ఒక్కొక్క చుట్టుకు తక్కువ సమయం గడిపితే, ఇంజనులోనూ తక్కువ సమయమే గడుపుతుంది. నిమిషానికి చుట్లు పెరుగుతాయి. మొత్తంమీద గొట్టాల సగటు ఉష్ణోగ్రత పెరిగి, గాలికి అందే వేడి ఎక్కువవుతుంది. మరి థర్మోస్టాట్ పీకివేసినప్పుడు కొన్ని బండ్లు వేడెక్కిన మాట అబద్ధమా? కాదు. ఆ అడ్డు తొలగడంతో ఇంజను లోపలి పీడనం తగ్గి, సిలిండరు తలల దగ్గర ఆవిరి బుడగలు పుట్టడమే అందుకు ఒక కారణం. అనుభవం నిజమే, చెప్పిన కారణమే తప్పు.

కొనేముందు పరీక్ష

ఆడలేక మద్దెల ఓడన్నట్లు, ఇతర లోపాలకు రేడియేటరును నిందించడం పరిపాటి. బండి ఎప్పుడు వేడెక్కుతోందో గమనించడం రోగనిర్ణయంలో మొదటి మెట్టు. ఎర్రదీపాల దగ్గర వేడెక్కి, రహదారి మీద చల్లబడితే లోపం గాలిది: ఫ్యాను, ష్రౌడు, ఫ్యాను క్లచ్చు పరీక్షించాలి. నిలబడినప్పుడు బాగానే ఉండి, రహదారి వేగంలో వేడెక్కితే లోపం రేడియేటర్ సామర్థ్యంలోనో, ద్రవప్రవాహంలోనో ఉంటుంది. పంపు పీల్పుకు కింది హోసు పైపు ముడుచుకుపోవడం కూడా ఇందుకు కారణం కావచ్చు; లోపల తీగచుట్ట ఉన్న పైపు దానిని నివారిస్తుంది. జ్వలన సమయం ఆలస్యంగా ఉన్నా, ఇంధనమిశ్రమం పలుచబడినా, లోపల గాలి చిక్కుకున్నా ఇంజను వేడెక్కుతుంది. పాత ఇనుప ఇంజను అరలలో దశాబ్దాల తుప్పు పేరుకొని ఉంటుంది. దానిని కడిగి శుభ్రపరచకుండా కొత్త రేడియేటర్ తగిలిస్తే ఆ తుప్పే కొత్త గొట్టాలను పూడుస్తుంది.

ఎంపిక క్రమం

ఇవన్నీ సరిచూసుకున్న తరువాతనే కొనుగోలు. ముందుగా చట్రం వెడల్పు, ఎత్తు, పంపుకూ రేడియేటరుకూ మధ్య దూరం కొలవాలి. కొలతలో ఫ్యాను మందాన్ని మరువరాదు. బండి చేయబోయే పనిని నిజాయితీగా నిర్ణయించుకోవాలి: వారాంతపు షికారుకా, ఎడారిలో ట్రెయిలరు లాగడానికా? పట్టగలిగిన అతి పెద్ద ముఖవైశాల్యం ఎన్నుకొని, అంగుళం గొట్టాల రెండు వరుసల అల్యూమినియం కోర్‌తో మొదలుపెట్టవచ్చు. హోసు పైపుల ముఖాలు కొత్త ఇంజనుకు తగిన పక్కన, తగిన వ్యాసంలో ఉన్నాయా అని చూడాలి. ఆటోమేటిక్ గేరుపెట్టె ఉంటే దాని నూనెను చల్లబరిచే కూలరు ట్యాంకులో ఉండాలి, లేదా విడిగా అమర్చాలి. వేడెక్కిన నూనె గేరుపెట్టెను నిశ్శబ్దంగా హతమారుస్తుంది. పక్కలకు ట్యాంకులున్న క్రాస్‌ఫ్లో రేడియేటరైతే మూత ద్రవం బయటకు పోయే వైపు ట్యాంకుపై ఉండడం మేలు. అక్కడ పంపు పీడనం తక్కువ గనుక అధిక వేగంలో మూత అకారణంగా తెరుచుకోదు.

అశ్వశక్తుల లెక్క విషయంలో ఒక మాట. 1971 వరకు అమెరికా సంస్థలు ప్రకటించినవి సాధారణంగా ఉపకరణాలేవీ తగిలించకుండా కొలిచిన ‘గ్రాస్’ అంకెలు. 1972 నమూనాలనుండి ‘నెట్’ అంకెలు వాడుకలోకి వచ్చాయి. పాత పుస్తకంలోని అంకెను నేటి ఇంజను అంకెతో నేరుగా పోల్చితే మార్పు ఉన్నదానికంటె చిన్నదిగా కనిపిస్తుంది.

ఇంటిల్లపాదికీ హెచ్చరిక

వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తెరవరాదు. పీడనం తొలగిన మరుక్షణం మరుగుస్థానం పడిపోయి, లోపలి ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖంపైకి చిమ్ముతుంది. దారిలో ముల్లు ఎరుపును సమీపిస్తే ఎయిర్ కండిషనర్ ఆపి, లోపలి హీటరును పూర్తిగా తిప్పాలి. అది చిన్న రేడియేటరుగా పనిచేసి కొంత వేడిని లాగుతుంది. అప్పటికీ తగ్గకపోతే పక్కకు తీసి, ఇంజను ఆపి, చేతికి తాకగలిగినంత చల్లబడేవరకు వేచి ఉండాలి. అరగంట ఆలస్యం ఆసుపత్రి ప్రయాణంకంటె నయం.

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని విషం. కొద్దిపాటి మోతాదు కూడా మూత్రపిండాలను నాశనం చేసి ప్రాణం తీయగలదు. కుక్కలు, పిల్లులు దానిని నాకే ప్రమాదం ఉంది. గరాజు నేలపై ఒలికిన ద్రవాన్ని వెంటనే తుడిచివేయాలి. పాత ద్రవాన్ని మూతబిగించిన డబ్బాలో పిల్లలకు అందనంత ఎత్తున ఉంచి, స్థానిక సేకరణకేంద్రానికి అప్పగించాలి. ఎవరైనా మింగినట్లు అనుమానం కలిగినా లక్షణాలకోసం ఎదురుచూడకుండా అమెరికాలోని పాయిజన్ కంట్రోల్ సేవకు 1-800-222-1222 నంబరులో ఫోను చేయాలి; స్పృహ తప్పినా, ఊపిరి కష్టమైనా 911కు చేయాలి.

పాత పికప్పును బతికించాలనుకునే కుమారుడో, కుమార్తెయో ఇంట్లో ఉంటే తల్లిదండ్రులు దానిని చదువుకు అడ్డంకిగా భావించనవసరం లేదు. విశిష్టోష్ణం, సాంద్రత, పీడనం, మరుగుస్థానం అన్న మాటలు పరీక్షల కోసం వల్లించినవారికి, అవే మాటలు తమ చేతిలోని బండిని ఎడారి ఎక్కుడు దాటించగలవని తెలిసేది ఇటువంటి పనిలోనే. రేడియేటర్ కొనడానికి ముందు ఒక కాగితం, ఒక పెన్సిలు, ఒక టేపు తీసుకొని ఆ ఇంటివారు కలిసి కూర్చుంటే చాలు. గాలి ఎటునుండి వస్తుంది, ఎంత వస్తుంది, ఎటు పోతుంది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాత, ఏది కొనాలన్నది పెద్ద చిక్కుగా మిగలదు.